పాత హ్యాండీక్యామ్ హెచ్‌డీ వీడియోలు: ఎక్స్‌పోర్ట్‌లో ఏ సెట్టింగ్ పెట్టాలి?

ఎంవీపీ_రైతుబజార్

అందరికీ నమస్కారం. ఇంట్లో హ్యాండీక్యామ్‌తో 2010 నుంచి 2016 దాకా తీసిన వీడియోలు ఒక హార్డ్ డిస్క్ నిండా ఉన్నాయి. తాతగారి సహస్ర చంద్ర దర్శనం, చెల్లి ఓణీల ఫంక్షన్, సొరంగాల మీదుగా అరకు రైలు, ఆర్కే బీచ్‌లో నేవీ డే, 2016 ఫిబ్రవరిలో జరిగిన ఇంటర్నేషనల్ ఫ్లీట్ రివ్యూ, ఇలాంటివి. ఫైళ్ల పేర్ల చివర ఎంటీఎస్ అని ఉంది. వివరాల్లో 1920×1080, 50ఐ, 17 ఎంబీపీఎస్ అని చూపిస్తోంది.

ఒక ఉచిత ఎడిటర్‌లో అనవసరమైనవి కత్తిరించి ఎక్స్‌పోర్ట్ నొక్కాను. అక్కడ మొదలైంది టెన్షన్. కోడెక్, ప్రొఫైల్, లెవెల్, సీబీఆర్, వీబీఆర్, జీఓపీ... ఏదీ ముట్టుకోకుండా ఓకే కొడితే వచ్చిన ఫైల్లో ఎవరు చెయ్యి ఊపినా అంచుల్లో సన్నటి అడ్డగీతలు. సముద్రం సంగతి ఇక చెప్పక్కర్లేదు, అలలన్నీ గళ్లుగళ్లుగా ఉన్నాయి.

నాకు కావలసినవి: పెన్‌డ్రైవ్‌లో పెట్టి హాల్లో టీవీలో చూడాలి, బంధువులకి వాట్సాప్‌లో పంపాలి, పిల్లలు పెద్దయ్యాక చూసుకునేలా దాచాలి. ల్యాప్‌టాప్ ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్. అన్నిటికీ పనికొచ్చే ఒక్క సెట్టింగ్ చెబితే అదే పెట్టేసి పని కానిచ్చేస్తాను.

పెందుర్తి_కుర్రాడు

అన్నా, హెచ్.265 పెట్టెయ్, 4కే కి అప్‌స్కేల్ చెయ్. సైజు సగం, క్వాలిటీ డబుల్. ఇంకేటి ఆలోచన.

ఉక్కునగరం_సెక్టార్6

తమ్ముడూ, కాస్త ఆగు. లేని వివరాన్ని 4కే ఎక్కడి నుంచి తెస్తుంది?

@ఎంవీపీ_రైతుబజార్ గారూ, మీరు చెప్పినవి మూడు వేర్వేరు పనులు. ఒక్క సెట్టింగ్‌తో మూడూ అవ్వవు. అయితే మూడోదానికి మీరు ఎక్స్‌పోర్టే చేయక్కర్లేదు. పిల్లల కోసం దాచాల్సింది ఆ ఎంటీఎస్ ఫైళ్లనే. ఎంత మంచి సెట్టింగ్ పెట్టినా ఎక్స్‌పోర్ట్ అంటే జిరాక్స్‌కి జిరాక్స్ తీయడమే, ప్రతిసారీ కొంత పోతుంది. కెమెరా రాసిన ఫైలే మీ దగ్గర ఉన్న ఒరిజినల్. డిస్క్‌లో చోటు చాలట్లేదని దాన్ని చెరిపేసి ఎంపీ4 ఒక్కటీ ఉంచుకునేవాళ్లు చాలామంది. ఆ పని మాత్రం చేయకండి.

కెమెరా మెమరీ నుంచి కాపీ చేసేటప్పుడు కూడా ఎంటీఎస్ ఫైళ్లు మాత్రమే లాక్కోకుండా, ప్రైవేట్ అనే ఫోల్డర్ మొత్తం ఉన్నదున్నట్టు తెచ్చుకోండి. ఆ ఫార్మాట్ పేరు ఏవీసీహెచ్‌డీ. సోనీ, పానసోనిక్ కలిసి 2006లో తెచ్చాయి. పొడుగు రికార్డింగ్‌ని అది ముక్కలు చేసి రాస్తుంది, కొన్ని కెమెరాల్లో 2 జీబీ దగ్గర, కొన్నిట్లో 4 జీబీ దగ్గర. ఏ ముక్క తర్వాత ఏది అన్న లెక్క ఆ ఫోల్డర్‌లోని చిన్న చిన్న ఫైళ్లలో ఉంటుంది. అవి లేకుండా ముక్కల్ని టైమ్‌లైన్‌లో పక్కపక్కన పెడితే అతుకు దగ్గర ఆడియో ఒక్క క్షణం తెగే అవకాశం ఉంది. మంత్రాలు చదువుతున్నప్పుడు ఆ తెగడం బాగా తెలుస్తుంది.

అడ్డగీతల గురించి రాత్రికి రాస్తాను. షిఫ్ట్‌కి టైమ్ అయింది.

జగదాంబ_మిక్సింగ్‌రూమ్

పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా వృత్తి, అందుకని సూటిగా చెబుతాను. టీవీ కోసం ముందు ఏ ఎక్స్‌పోర్టూ చేయకండి. ఒక ఎంటీఎస్ ఫైలుని అలాగే పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి గుచ్చి చూడండి. లోపల వీడియోని కుదించి రాసిన పద్ధతి (కోడెక్) హెచ్.264, ఆడియోది ఏసీ-3. చాలా టీవీలు దాన్ని నేరుగా ఆడిస్తాయి. 50ఐ ని సాఫీగా చూపించే చిప్ టీవీలోనే ఉంటుంది. కేబుల్‌లో వచ్చే హెచ్‌డీ ఛానళ్లు చాలావరకు 1080ఐ లోనే వస్తాయి కదా, వాటికి గీతలు పడుతున్నాయా? లేదు. అదే చిప్ మీ ఫైలుకీ పని చేస్తుంది.

కత్తిరింపులు మాత్రమే కావాలంటే లాస్‌లెస్‌కట్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా ముక్క తీసి ఇస్తుంది. గంట వీడియోకి కొన్ని నిమిషాలు చాలు, క్వాలిటీ చుక్క కూడా పోదు. కాకపోతే మీరు అనుకున్న ఫ్రేమ్ దగ్గరే తెగదు, దగ్గరలో ఉన్న కీఫ్రేమ్ (పూర్తిగా రాసిన ఫ్రేము) దగ్గర తెగుతుంది. సెకను అటూ ఇటూ. ఇంటి వీడియోకి అది లెక్కా?

ఎంవీపీ_రైతుబజార్

మిక్సింగ్‌రూమ్ గారూ, మీరన్నట్టే పెట్టి చూశాను. టీవీలో గీతల్లేవు! అంటే తప్పు నా ఎక్స్‌పోర్ట్‌దే అన్నమాట. కానీ అదే ఫైలు అమ్మ ఫోన్‌లో వేస్తే బొమ్మ వస్తోంది, మాట రావట్లేదు.

జగదాంబ_మిక్సింగ్‌రూమ్

ఏసీ-3. అన్ని ఫోన్లలోనూ దానికి సపోర్ట్ ఉండదు. ఫోన్‌కి ఇచ్చే కాపీలో ఆడియో ఏఏసీ లోకి మార్చాల్సిందే.

ఉక్కునగరం_సెక్టార్6

ఇప్పుడు గీతల సంగతి.

50ఐ అంటే సెకనుకి 50 పూర్తి బొమ్మలు కావు, 50 సగం బొమ్మలు. ఒక సగంలో 1, 3, 5 నంబర్ల గీతలు, తర్వాతి సగంలో 2, 4, 6. ఆ రెండిటినీ కెమెరా ఒకే క్షణంలో తీయదు, మధ్యలో సెకనులో 50వ వంతు గడుస్తుంది. పాత ట్యూబు టీవీ వాటిని ఒకదాని వెంట ఒకటి గీసేది కాబట్టి కంటికి తెలిసేది కాదు. ఇప్పటి స్క్రీన్ మొత్తం బొమ్మని ఒకేసారి చూపిస్తుంది. రెండు సగాల్నీ ఉన్నదున్నట్టు కలిపేస్తే, ఆ మధ్యలో కదిలిన చెయ్యి సగం గీతల్లో ఒకచోట, మిగతా సగంలో ఇంకోచోట పడుతుంది. మీరు చూసిన అడ్డగీతలు అవే. కదలని గోడ మీద మాత్రం కనిపించవు.

దీన్ని విప్పడాన్నే డీఇంటర్‌లేస్ అంటారు. అది రెండు రకాలు. ఒకటి, రెండు సగాల్ని కలిపి ఒక బొమ్మ చేసి సెకనుకి 25 ఇవ్వడం. రెండు, ప్రతి సగం నుంచీ ఒక పూర్తి బొమ్మ తయారుచేసి సెకనుకి 50 ఇవ్వడం. రెండోదాన్ని బాబ్ అంటారు. ఇంటి వీడియోకి నా ఓటు ఎప్పుడూ రెండోదానికే. కెమెరా సెకనుకి 50 సార్లు చూసింది, ఆ కదలికంతా టేకులో ఉంది. 25 చేస్తే అందులో సగం పారేసినట్టే.

ఇక్కడ అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇంకోటి ఉంది. డీఇంటర్‌లేస్ చేయకుండా 1080 ని 720 కి కుదించడం. అప్పుడు సరి గీతలు, బేసి గీతలు ఒకదాన్లో ఒకటి కలిసిపోయి ముద్దవుతాయి. మామూలు గీతలైతే తర్వాత ఎప్పుడైనా విప్పుకోవచ్చు. కుదించాక వచ్చిన ముద్దని ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా విప్పలేదు. పాత వీడియోలని కంప్యూటర్‌లో ఎక్కించి ఇచ్చే షాపుల ఫైళ్లలో ఈ జబ్బు నేను చాలా చూశాను. అందుకే వరుస ఎప్పుడూ ఇదే: ముందు డీఇంటర్‌లేస్, ఆ తర్వాతే సైజు మార్చడం.

జగదాంబ_మిక్సింగ్‌రూమ్

50 మీద నాకు అభ్యంతరం ఉంది. పెళ్లి వీడియో 50 లో ఇస్తే కస్టమర్లు "సీరియల్ లాగా ఉందండీ, సినిమా లుక్ రాలేదు" అంటారు. 25 లో ఇస్తే ఎవ్వరూ ఏమీ అనరు. ఫైలు కూడా చిన్నది.

ఉక్కునగరం_సెక్టార్6

పెళ్లి వీడియోకి సరే, అక్కడ కొనేది లుక్కే. తాతగారు నడిచి వస్తున్నప్పుడు సినిమా లుక్ ఎవరిక్కావాలి సార్, ఆయన నడక ఎలా ఉండేదో అలా కనిపిస్తే చాలు. పైగా హ్యాండీక్యామ్ చేత్తో పట్టుకుని తీసింది, కెమెరా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. 25 చేస్తే ఆ తిప్పడం కుదుపుగా కనిపిస్తుంది.

జగదాంబ_మిక్సింగ్‌రూమ్

మీ ఇంటి వీడియో, మీ ఇష్టం. వాట్సాప్ కాపీకి మాత్రం 25 చాలు, అక్కడ 50 పెట్టి లాభం లేదు.

ఉక్కునగరం_సెక్టార్6

వాట్సాప్ వరకు ఒప్పుకున్నాను.

డల్లాస్‌లో_వాల్తేరు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాకు ఇక్కడ కరెంటు 60 హెర్ట్జ్, టీవీలూ అంతే. అన్నయ్య వైజాగ్ నుంచి పంపిన వీడియోలు 50 లో ఉన్నాయి. వాటిని 60 కి మార్చి పంపమననా?

ఉక్కునగరం_సెక్టార్6

వద్దండి. 50 ని 60 చేయాలంటే లేని ఫ్రేములు పుట్టించాలి, లేదా ప్రతి అయిదో ఫ్రేముని రెండుసార్లు చూపించాలి. అది ఫైల్లో ఒకసారి పడిందంటే ఇక పోదు. 50 గానే ఉంచుకోండి. ఇప్పటి టీవీలు, స్ట్రీమింగ్ డబ్బాలు చాలావరకు 50 ని కూడా తీసుకుంటాయి. డబ్బా సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేట్ మ్యాచ్ అనేది ఉంటే ఆన్ చేయండి. లేకపోతే కెమెరా పక్కకి తిప్పినప్పుడు చిన్న కుదుపు కనిపిస్తుంది, అంతే.

ఎంవీపీ_రైతుబజార్

గీతల గొడవ అర్థమైంది. మరి అలలు గళ్లుగా ఎందుకొచ్చాయి? తాతగారి ఫంక్షన్‌కి కూడా అదే సెట్టింగ్ పెట్టాను, అది బాగానే వచ్చింది.

ఉక్కునగరం_సెక్టార్6

మంచి ప్రశ్న. వైజాగ్ వాళ్లకి ఇది తప్పని తలనొప్పి.

ఎన్‌కోడర్, అంటే వీడియోని కుదించి రాసే ప్రోగ్రామ్, ప్రతి ఫ్రేమునీ పూర్తిగా రాయదు. ముందు ఫ్రేములో ఉన్నదాన్ని కొద్దిగా జరిపితే ఇప్పటి ఫ్రేము వస్తుందేమో చూసి, తేడా మాత్రమే రాస్తుంది. తాతగారు పీట మీద కూర్చున్నారు, వెనక గోడ కదలదు, పందిరి కదలదు. రాయాల్సింది తక్కువ. అదే ఆర్కే బీచ్‌లో అల విరిగినప్పుడు నురగ ప్రతి క్షణం కొత్తగా పుడుతుంది. ముందు ఫ్రేము నుంచి అరువు తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు. నేవీ డే అయితే మరీ. కింద నీళ్లు, పైన హెలికాప్టర్ రెక్కల గాలికి లేచే తుంపర, మధ్యలో పొగ. చీకటి పడ్డాక ఓడల దీపాలు, బాణసంచా. ఇంటర్నెట్‌లో ఎక్కువమంది చెప్పే "1080 కి 8 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) చాలు" అన్న సలహా ఇలాంటి చోట అస్సలు చాలదు.

మీ ఎడిటర్ సీబీఆర్ లో ఉండి ఉంటుంది. అంటే ప్రతి సెకనుకీ ఒకే కోటా. తాతగారి దగ్గర కోటా మిగిలిపోయింది, బీచ్ దగ్గర కరువైంది. కాబట్టి బిట్‌రేట్ మీరు ఎంచుకోకండి, క్వాలిటీ ఎంచుకోండి. దాని పేరు సీఆర్‌ఎఫ్. హ్యాండ్‌బ్రేక్ అనే, వీడియోలు మార్చే ఉచిత ప్రోగ్రామ్‌లో ఆర్‌ఎఫ్ అని చిన్న స్లయిడర్‌గా ఉంటుంది. నంబరు తగ్గితే క్వాలిటీ పెరుగుతుంది. ఒక నంబరు చెబితే చాలు, ఏ సీనుకి ఎన్ని బిట్లు కావాలో అదే చూసుకుంటుంది. హ్యాండ్‌బ్రేక్ వాళ్లు 1080 కి 20 నుంచి 24 మధ్య పెట్టమంటారు. దాచుకునే కాపీకి నేను 18 పెడతాను, చూడటానికైతే 20. ఎక్స్264 (హెచ్.264 రాసే ఎన్‌కోడర్) లో ఉజ్జాయింపుగా ఆరు అంకెలు తగ్గిస్తే సైజు రెట్టింపు అవుతుందని గుర్తుపెట్టుకోండి. అందుకే 12 లాంటివి పెట్టి డిస్క్ నింపుకోకండి, అసలు ఫైలు కన్నా పెద్దది వస్తుంది.

అరకు రైలుకి ఇంకో చిక్కు ఉంది. సొరంగంలో చీకటి, అందులో కెమెరా పుట్టించే చుక్కల నాయిస్. ఆ చుక్కలు కూడా ప్రతి ఫ్రేములో మారుతుంటాయి కాబట్టి ఎన్‌కోడర్ వాటి మీద బిట్లు ఖర్చుపెడుతుంది. హ్యాండ్‌బ్రేక్‌లో ఎన్‌ఎల్‌మీన్స్ అనే డీనాయిస్ ఫిల్టర్ ఉంది, లైట్ మీద పెడితే సైజూ తగ్గుతుంది, చీకటీ శుభ్రంగా ఉంటుంది. ఎక్కువ పెడితే మొహాలు మైనం బొమ్మల్లా అవుతాయి, జాగ్రత్త. బాగా నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి చీకటి క్లిప్పులకే వాడండి.

పెందుర్తి_కుర్రాడు

అన్నా, మరి హెచ్.265 ఎందుకు వద్దంటున్నావ్? నిజంగానే చిన్న ఫైలొస్తుంది కదా.

ఉక్కునగరం_సెక్టార్6

వద్దనలేదు తమ్ముడూ, 4కే వద్దన్నాను. హెచ్.264 ప్రమాణం 2003లో వచ్చింది, హెచ్.265 2013లో. 2003 దాన్ని ఆడించలేని టీవీ గానీ ఫోన్ గానీ ఇప్పుడు దొరకడం కష్టం. పెద్దవాళ్ల ఇళ్లలో పదేళ్ల నాటి ఫుల్ హెచ్‌డీ టీవీలు ఇంకా నడుస్తున్నాయి. అందులో హెచ్.265 వేస్తే "ఫైల్ సపోర్ట్ చేయదు" అని వస్తుంది. అప్పుడు పెద్దమ్మగారు ఫోన్ చేసేది నీకే. మీ ఇంట్లో 4కే టీవీ ఉండి, చూసేది మీరే అయితే హెచ్.265 హాయిగా పెట్టుకో. 10 బిట్ (రంగుల మెట్లు ఎక్కువ) కూడా పెట్టొచ్చు, సూర్యోదయం ఆకాశంలో మెట్లు మెట్లుగా వచ్చే పట్టీలు తగ్గుతాయి. కానీ 10 బిట్ హెచ్.264 మాత్రం ఎవరికీ ఇవ్వకు, టీవీలు దాన్ని ముట్టవు.

జగదాంబ_మిక్సింగ్‌రూమ్

కుర్రాడి 4కే మాటలో కూడా ఒక చోట నిజం ఉంది. యూట్యూబ్‌కి ఎక్కించేటప్పుడు 1080 ని 1440 కో 4కే కో పెంచి ఎక్కిస్తే యూట్యూబ్ దానికి ఎక్కువ బిట్‌రేట్ ఇస్తుంది. సముద్రం, వాన, జలపాతం ఉన్న వీడియోలకి తేడా కంటికి కనిపిస్తుంది. మేం చేస్తాం. కొత్త వివరం రాదు, యూట్యూబ్ చేసే నష్టం తగ్గుతుంది.

పెందుర్తి_కుర్రాడు

చూశారా 😎

ఎంవీపీ_రైతుబజార్

హ్యాండ్‌బ్రేక్ వేసుకున్నాను. ఫాస్ట్ 1080పీ30 అని ప్రీసెట్ దానంతటదే వచ్చింది. ఆర్‌ఎఫ్ 20 మార్చి కొట్టాలా?

ఉక్కునగరం_సెక్టార్6

ఆ ప్రీసెట్ పేరు చివరి 30 చూశారా? ఫ్రేములు 30 దాటనివ్వదు. మీరు 50 తయారుచేస్తే అది కోసేస్తుంది. ఇలా మార్చుకోండి:

ఫిల్టర్స్‌లో డీఇంటర్‌లేస్ దగ్గర బీడబ్ల్యూడిఫ్, దాని ప్రీసెట్ బాబ్. పాత వెర్షన్‌లో ఆ పేరు లేకపోతే యాడిఫ్ పెట్టి బాబ్ ఎంచుకోండి. వీడియోలో ఎక్స్264, ఫ్రేమ్ రేట్ 50, కాన్‌స్టంట్, ఆర్‌ఎఫ్ 20, ఎన్‌కోడర్ ప్రీసెట్ స్లో. ప్రొఫైల్ హై, లెవెల్ 4.2. ఈ లెవెల్ ముఖ్యం. 4.0, 4.1 లు 1080 లో 30 ఫ్రేముల దాకానే, 50 కావాలంటే 4.2 కావాలి. ఆడియో ఏఏసీ స్టీరియో, 192. కింద వెబ్ ఆప్టిమైజ్డ్ అని ఉంటుంది, టిక్ పెట్టండి, ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడు ఫైలు మొత్తం దిగకముందే ఆడటం మొదలవుతుంది.

ఎన్‌కోడర్ జాబితాలో ఇంటెల్ క్విక్‌సింక్ అని కూడా కనిపిస్తుంది. చాలా వేగం. కానీ అదే సైజులో ఎక్స్264 స్లో ఇచ్చే బొమ్మ దానికి రాదు, ముఖ్యంగా నీళ్ల మీద. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి అయిపోయే పనికి తొందరెందుకు. ల్యాప్‌టాప్ కింద దిండు లేకుండా చూసుకోండి.

ఎడిటింగ్ చేయాలనుకుంటే వరుస మార్చండి. ముందు హ్యాండ్‌బ్రేక్‌లో ఆర్‌ఎఫ్ 14 లేదా 15 తో 50పీ (సెకనుకి 50 పూర్తి బొమ్మల) ఫైళ్లు చేసుకుని, వాటిని ఎడిటర్‌లో 1080, 50 ప్రోగ్రెసివ్ ప్రాజెక్ట్‌లో వేసుకోండి. అప్పుడు ఎడిటర్‌కి ఇంటర్‌లేస్ గురించి ఆలోచించే పనే ఉండదు. ఎడిట్ అయ్యాక ఆ మధ్య ఫైళ్లు చెరిపేయొచ్చు. మీ ఎడిటర్‌లోనూ సీబీఆర్ తీసేసి క్వాలిటీ ఆధారంగా ఉన్న ఆప్షన్ ఎంచుకోండి.

ఒకవేళ కొన్ని క్లిప్పులు 1440×1080 అని కనిపిస్తే కంగారు పడకండి. కెమెరాలో తక్కువ క్వాలిటీ మోడ్ పెట్టి తీసినవి అలా ఉంటాయి. పిక్సెల్‌ని వెడల్పుగా సాగదీసి 1920 గా చూపించాలి. ఎడిటర్ అది గమనించకపోతే అందరూ సన్నబడిపోతారు. మా ఆవిడ అలాగే ఉంచమంది.

ఎంవీపీ_రైతుబజార్

😀 ఒక్కో నిమిషం ముక్కలు తీసి చూశాను. ఆర్‌ఎఫ్ ఒకటే నంబరు. తాతగారి ముక్కకంటే నేవీ డే ముక్క మూడు రెట్లకు పైనే వచ్చింది! గళ్లు లేవు, నురగ నురగలా ఉంది. హెలికాప్టర్ కూడా సాఫీగా తిరుగుతోంది.

ఇప్పుడు వాట్సాప్.

జగదాంబ_మిక్సింగ్‌రూమ్

వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్లీ కుదిస్తుంది, హెచ్‌డీ నొక్కినా సరే. డాక్యుమెంట్‌గా పంపితే ముట్టుకోదు, 2 జీబీ దాకా వెళ్తుంది. కానీ అరగంట ఫంక్షన్ మొత్తం ఎవరికీ పంపకండి, ఎవరూ చూడరు. నా అనుభవంలో రెండు మూడు నిమిషాల ముక్కలే చూస్తారు. 1280×720, 25 ఫ్రేములు, 2.5 ఎంబీపీఎస్ దగ్గర మూడు నిమిషాలకి 55 నుంచి 60 ఎంబీ అవుతుంది. డేటా ప్యాక్ మీద ఉన్నవాళ్లు కూడా దింపుకుంటారు.

లెక్క చేసుకోవడం సులువే: 8 మెగాబిట్లు ఒక మెగాబైట్. కాబట్టి 8 ఎంబీపీఎస్ అంటే సెకనుకి ఒక మెగాబైటు, నిమిషానికి 60, గంటకి 3.6 జీబీ. మిగతావన్నీ దీన్నుంచే వేసుకోవచ్చు.

పూర్తి వీడియో చూడాలనుకునేవాళ్లకి యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టి లింక్ ఇవ్వండి. యూట్యూబ్ 1080 లో 50 ఫ్రేములకి అడిగేది 12 ఎంబీపీఎస్. అది కనీసం అనుకోండి. దాని దగ్గర మళ్లీ ఎన్‌కోడ్ అవుతుంది కాబట్టి మీరు ఎంత మంచి ఫైలు ఇస్తే అంత మంచిది. అన్‌లిస్టెడ్ అంటే ప్రైవేట్ కాదు, లింక్ ఎవరి చేతికి వెళ్తే వాళ్లు చూస్తారు. ఆడపిల్లల ఫంక్షన్ వీడియోలు పెట్టేముందు ఇంట్లో ఒక మాట అడగండి.

సీతమ్మధార_అక్క

నాకూ ఇలాంటి గొడవే, కాకపోతే నా దగ్గర మినీడీవీ టేపులు, ఐఫోన్ వీడియోలు రెండూ ఉన్నాయి. రెండూ ఒకే టైమ్‌లైన్‌లో వేస్తే ఐఫోన్‌వి వెలిసిపోయినట్టు తెల్లగా ఉన్నాయి. పొడుగు క్లిప్పుల్లో పోనుపోను పెదాలకీ మాటకీ పొంతన తప్పుతోంది.

ఉక్కునగరం_సెక్టార్6

అక్కా, అవి రెండు వేర్వేరు సంగతులు. ఐఫోన్ 12 నుంచి హెచ్‌డీఆర్ లో, అంటే వెలుగు తేడాలు ఎక్కువగా పట్టే పద్ధతిలో తీస్తుంది. మామూలు టైమ్‌లైన్‌లో దాన్ని టోన్ మ్యాప్ చేయకుండా (మామూలు వెలుగుకి కుదించకుండా) వేస్తే రంగులు చప్పబడతాయి. ఎడిటర్‌లో కలర్‌ని రెక్709 (మామూలు హెచ్‌డీ రంగుల ప్రమాణం) కి మార్చే ఆప్షన్ వెతకండి. ఇకమీదట తీసేవాటికి ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో హెచ్‌డీఆర్ వీడియో ఆపేస్తే సరిపోతుంది.

మాట తప్పడానికి కారణం ఫ్రేమ్ రేట్. ఫోన్లు వెలుతురుని బట్టి ఫ్రేముల వేగం మారుస్తుంటాయి. కొన్ని ఎడిటర్లు దాన్ని స్థిరమైన వేగం అనుకుని లెక్కేస్తాయి. ముందు హ్యాండ్‌బ్రేక్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ పెట్టి మార్చుకుని ఎడిట్ చేయండి.

ఫోన్‌తో ఇంట్లో తీసేటప్పుడు ఇంకోటి. మన కరెంటు 50 హెర్ట్జ్, లైట్లు సెకనుకి 100 సార్లు వెలుగు మారుస్తాయి. ఫోన్ 30 లో తీస్తే కొన్ని ఎల్‌ఈడీల కింద పట్టీలు కదిలినట్టు వస్తుంది. ఐఫోన్‌లో పాల్ ఫార్మాట్లు చూపించు అన్న ఆప్షన్ ఆన్ చేస్తే 25 వస్తుంది. ఇప్పటికే తీసినవాటికి ఎక్స్‌పోర్ట్‌లో మందు లేదు.

టేపులు వేరే కథ. అవి హెచ్‌డీ కావు, 720×576. కంప్యూటర్‌కి ఫైర్‌వైర్ కేబుల్‌లో తెచ్చుకుంటే గంటకి 13 జీబీ దాకా అవుతుంది, ఆ ఫైలునే దాచండి. డీఇంటర్‌లేస్ చేసేటప్పుడు ఒక తేడా ఉంది: హ్యాండీక్యామ్ హెచ్‌డీలో పై గీతలు ముందు, డీవీలో కింది గీతలు ముందు. ఆ వరుస తప్పితే బొమ్మ ముందుకీ వెనక్కీ వణుకుతుంది. వణికితే వెంటనే అర్థం చేసుకోండి, ఫీల్డ్ ఆర్డర్ తిరగేయాలి.

టేపుల్ని ఇంక ఆలస్యం చేయకుండా ఎక్కించుకోండి. మన సముద్రపు గాలి తేమకి బూజు పట్టిందంటే ప్లేయర్ హెడ్ కూడా పాడవుతుంది.

ఎంవీపీ_రైతుబజార్

ఇంకో చిక్కు. తయారైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేస్తే ల్యాప్‌టాప్‌లో ఆడుతున్నాయి, అత్తగారి ఇంట్లో టీవీ అసలు పెన్‌డ్రైవ్‌నే గుర్తించట్లేదు. 64 జీబీది.

పెందుర్తి_కుర్రాడు

ఇది నాకు తెలుసు! అది ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో ఉంటుంది. పాత టీవీ దాన్ని చదవదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ లో ఫార్మాట్ చేసి చూడు అన్నా. అదీ కాకపోతే ఫ్యాట్32, కానీ అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు.

ఉక్కునగరం_సెక్టార్6

కరెక్ట్. 12 ఎంబీపీఎస్ దగ్గర వచ్చిన ఫైలైతే ముప్పావుగంటకి 4 జీబీ తగులుతుంది. పెద్ద ఫంక్షన్‌ని పీటల మీద ఒక ఫైలు, భోజనాలు ఒక ఫైలు అని విడగొట్టండి. చూసేవాళ్లకీ అదే సుఖం.

దాచే సంగతి కూడా తేల్చేస్తాను. ఎంటీఎస్ ఉన్న ఆ హార్డ్ డిస్క్ ఒక్కటే ఉందన్నారు. రెండో డిస్క్ కొని, దాన్ని వేరే ఊళ్లో ఉన్న బంధువుల ఇంట్లో పెట్టండి. వేరే గది కాదు, వేరే ఊరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో ఉన్నవాళ్లకి ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

డల్లాస్‌లో_వాల్తేరు

చివరిగా ఒకటి. అన్నయ్య పంపినవి ఫోన్‌లోకి దించితే గ్యాలరీలో అన్నీ ఈ నెల తేదీలతో కనిపిస్తున్నాయి. 2012 ది, 2015 ది అన్నీ కలిసిపోయాయి.

ఉక్కునగరం_సెక్టార్6

కెమెరా తీసిన తేదీని ఎంటీఎస్ లోపల రాస్తుంది, మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే అది చాలాసార్లు పోతుంది. గ్యాలరీకి ఎక్స్‌పోర్ట్ అయిన రోజో, దించుకున్న రోజో తప్ప ఇంకేమీ తెలియదు. ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో తేదీ మళ్లీ రాయొచ్చు గానీ అందరికీ అంత ఓపిక ఉండదు. ఫైలు పేరు మొదట్లోనే సంవత్సరం, నెల, రోజు వరుసలో పెట్టమనండి. 2012-12-04 నేవీ డే, ఇలాగ. పేర్ల వరుసలో పెట్టగానే తేదీల వరుస వచ్చేస్తుంది, ఏ టీవీలోనైనా, ఏ ఫోన్‌లోనైనా.

ఎంవీపీ_రైతుబజార్

తేదీలు నా దగ్గర ఎంటీఎస్ లో చూస్తే కనిపిస్తున్నాయి, పేర్లు మారుస్తున్నాను. అమ్మాయ్, నీకు పంపినవన్నీ చెరిపెయ్, మళ్లీ పంపుతాను.

డల్లాస్‌లో_వాల్తేరు

అన్నయ్యా నువ్వేనా ఇది??